చోక్ వేస్తేనే స్టార్ట్, నీలం పొగ, ఎయిర్ బాక్స్‌లో ఆయిల్: బోర్ చేయించే ముందు ఇవి చూస్కోండి

బ్రదర్, ఆ మెకానిక్‌కి అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకపోతే ఆగండి.

మీరు రాసింది రెండు సార్లు చదివా. హోండా టీఆర్ఎక్స్ 400ఈఎక్స్ క్వాడ్, అంటే మట్టి దారుల్లో తిప్పే నాలుగు చక్రాల బండి, ఎవరో ఎస్టేట్ వాళ్ల దగ్గర సెకండ్స్‌లో కొన్నారు, చింతామణి దగ్గర మామిడి తోటలో షెడ్డులో పడేశారు, మీరేమో మారతహళ్లిలో ఉద్యోగం, ఎనిమిది నెలలు దాన్ని ముట్టినోళ్లు లేరు. ఇప్పుడు చోక్ లాగితేనే స్టార్ట్ అవుతోంది, చోక్ తీసినా రేస్ ఇచ్చినా ఆగిపోతోంది, నడిచిన కాసేపూ నీలం పొగ, ఎయిర్ బాక్స్ (గాలి ఫిల్టర్ ఉండే పెట్టె) మూత తీస్తే లోపల ఆయిల్ మడుగు, ముందు చక్రాలు వణుకుతున్నాయి, వెనక చైన్ కొట్టుకుంటోంది. లోకల్ మెకానిక్ వచ్చి చూసి "రింగులు పోయాయి, బోర్ చేసి పిస్టన్ మార్చాలి, 45 వేలు" అన్నాడు, అంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయి, సిలిండర్ లోపలి గోడ కోసి పెద్దది చేయాలి అని. ఇవన్నీ రాసి మధ్యలో ఒక చిన్న లైన్ రాశారు చూడండి, "ఆయిల్ తక్కువ చూపిస్తోందని అర లీటరు పైనే పోశాను" అని. నాకు అక్కడే సగం కథ అర్థమైపోయింది.

నాది మదనపల్లె, బెంగళూరు వచ్చి చాలా ఏళ్లైంది, హొస్కోట అవతల క్వాడ్లు తిప్పే ఒక ట్రాక్‌కి ఆరేళ్లు బళ్లు నేనే చూసుకున్నా. ఆ ఆరేళ్లలో నా దగ్గరికి "ఇంజన్ పోయింది" అని వచ్చిన బళ్లలో నిజంగా ఇంజన్ పోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మిగతావన్నీ ఊరికే నిలబెట్టి నిలబెట్టి పాడైనవి, లేదా ఎవరో మంచి మనసుతో ఏదో చేసి పాడు చేసినవి. మీది రెండూ కలిసిన కేసు అని నా డౌటు, తిట్టినట్టు అనుకోవద్దు, నేనూ చేశా ఈ తప్పు.

ముందు ఆయిల్ సంగతి. ఈ ఇంజన్ డ్రై సంప్. అంటే పల్సర్‌లో ఉన్నట్టు ఆయిలంతా ఇంజన్ అడుగున కూర్చోదు, దీనికి విడిగా ఒక ఆయిల్ ట్యాంక్ ఉంటుంది, ఒక పంపు ట్యాంక్ నుంచి ఇంజన్‌కి తోస్తుంది, ఇంకోటి ఇంజన్ అడుగు నుంచి తోడి మళ్లీ ట్యాంక్‌లో పోస్తుంది. బండి నెలల తరబడి నిలబడితే ట్యాంక్‌లోని ఆయిల్ మెల్లగా కిందికి జారి క్రాంక్ కేస్‌లోకి దిగిపోతుంది. అప్పుడు మీరు చల్లని ఇంజన్ మీద డిప్ స్టిక్ తీసి చూస్తే ఏముంటుంది, అడుగున ఎక్కడో తడి. ఆయిల్ ఎటూ పోలేదు, చోటు మారిందంతే. దాన్ని చూసి "అయ్యో ఆయిల్ లేదు" అని మీరు అర లీటరు పోశారు, స్టార్ట్ చేయగానే పంపు కిందున్నదంతా తోడి పైకి పంపింది, ట్యాంక్ నిండిపోయింది, ఎక్కువైంది బ్రీదర్ పైపు గుండా ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది, ఎయిర్ బాక్స్‌లోకి. అక్కడి నుంచి కార్బ్ (కార్బ్యురేటర్), కార్బ్ నుంచి సిలిండర్, సిలిండర్ నుంచి నీలం పొగ. యమహా ర్యాప్టర్ 700 కూడా డ్రై సంపే, వాటిల్లో కూడా ఇదే పొరపాటు నేను చూశా.

డ్రై సంప్ బండిలో ఆయిల్ చూసే పద్ధతి వేరే. లెవెల్ నేల మీద పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఐడిల్‌లో తిరగనిచ్చి, ఆపిన వెంటనే డిప్ స్టిక్ చూడాలి. ఆపి టీ తాగొచ్చి చూస్తే లెక్క తప్పుతుంది. మీరు ఇప్పుడు ఆ పాత ఆయిల్ మీద లెక్కలు వేయొద్దు, మొత్తం తీసేయండి, ఎటూ ఎనిమిది నెలల ఆయిల్. ఇంజన్ కింద ఒకటి, ట్యాంక్‌కి ఒకటి, రెండు చోట్ల డ్రైన్ ఉంటుంది, ఒక్కటే తీసేసి అయిపోయింది అనుకుని కొత్త ఆయిల్ మొత్తం పోస్తే మళ్లీ ఇదే కథ. ఫిల్టర్ మార్చండి. కొత్తది పోసేటప్పుడు మాన్యువల్‌లో ఉన్న కొలత ఒక కొలజాడీతో పోయండి, కళ్ల అంచనాతో కాదు. డబ్బా మీద జాసో ఎంఏ అనో ఎంఏ2 అనో (బైక్ ఆయిల్‌కి జపాన్ వాళ్ల గుర్తు) ఉండాలి, గ్రేడ్ 10డబ్ల్యూ-40 దొరికితే చాలు. ఇంట్లో కారుకి పోయగా మిగిలింది పోస్తా అనొద్దు, దీని క్లచ్ ఆయిల్లోనే మునిగి ఉంటుంది, కారు ఆయిల్లో జారుడు కోసం కలిపేవి ఉంటాయి, క్లచ్ స్లిప్ అవడం మొదలెడితే అప్పుడు ఇంకో మెకానిక్ ఇంకో 15 వేలు చెప్తాడు.

పొగ గురించి ఒక ముక్క. నీలం అంటే ఆయిల్ కాలుతోంది, నలుపంటే పెట్రోల్ ఎక్కువ. తెల్లటి ఆవిరి పొద్దున్నే కాసేపు వస్తే సైలెన్సర్‌లో చెమ్మ, మీది ఎయిర్ కూల్డ్ కాబట్టి కూలెంట్ లీకు అనే భయం లేదు. నీలం పొగలోనూ తేడాలున్నాయి, నిలబెట్టి నిలబెట్టి స్టార్ట్ చేసినప్పుడు గుప్పున వచ్చి తగ్గిపోతే వాల్వ్ సీల్స్ వైపు చూడాలి, లోడ్ మీద రేస్ ఇచ్చినంత సేపూ వస్తే రింగుల వైపు. మీకు ఎయిర్ బాక్స్ నిండా ఆయిల్ ఉండగా వచ్చిన పొగని బట్టి ఏమీ చెప్పలేం, నేనూ చెప్పలేను, మీ మెకానికూ చెప్పలేడు. ముందు ఎయిర్ బాక్స్ తుడవండి, దాని అడుగున ఉండే చిన్న డ్రైన్ ట్యూబ్ పిండి ఖాళీ చేయండి, ఫోమ్ ఫిల్టర్ తీసి కిరోసిన్‌లో పిండండి, తర్వాత సబ్బు నీళ్లలో, తర్వాత నీడలో పూర్తిగా ఆరనివ్వండి. ఫోమ్‌ని బట్టలు పిండినట్టు మెలితిప్పొద్దు, అతుకులు ఊడతాయి, రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కాలి. ఆరాక ఫోమ్ ఫిల్టర్ ఆయిల్ పట్టించి, అంచుకి పల్చగా గ్రీజు రాసి బిగించండి.

ఆ అంచు గ్రీజు దగ్గర నా సొంత బాధ ఒకటి చెప్తా. మొదటి ఏడాది, శనివారం సాయంత్రం, మర్నాడు పొద్దున బుకింగ్ ఉంది, ఒక 250 క్వాడ్‌కి ఫిల్టర్ కడిగి తొందర్లో పెట్టేశా, క్లిప్పు పడింది అనుకున్నా. అంచు ఒక పక్క వేలు మందం మడతపడి ఉంది, చూడలేదు. కోలారు వైపు ఎర్రమట్టి మీకు తెలుసు కదా, ఎండాకాలం పిండి లాగా లేస్తుంది. మూడు వారాంతాలు నడిచింది, నాలుగో వారం కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) లేదు, కొత్త పిస్టన్ స్కర్టు మీద నిలువుగా గీతలు, రింగు చేత్తో వంచితే కాగితంలా ఉంది. ఓనర్ ఏమీ అనలేదు, అదే ఇంకా ఎక్కువ బాధ. అప్పటి నుంచి ఫిల్టర్ పెట్టే ముందు ఒక పని చేస్తా, ఫిల్టర్ తీసి ఉన్నప్పుడు ఎయిర్ బాక్స్ నుంచి కార్బ్‌కి వెళ్లే రబ్బరు బూట్ లోపల శుభ్రమైన తెల్ల బనియన్ గుడ్డతో ఒకసారి తుడిచి చూస్తా. గుడ్డకి ఎరుపు అంటిందా, ఎక్కడో దుమ్ము దాటుతోంది. మీరు కూడా చూడండి, మీకు ఆయిల్ కూడా ఉంటుంది కాబట్టి ఆ జిడ్డులో ఇసుక రేణువులు వేళ్ల మధ్య గరగరమంటున్నాయా చూడండి. గరగరమంటే మాత్రం మీ మెకానిక్ మాటలో కొంత నిజం ఉండొచ్చు.

ఇక చోక్ సంగతి. చోక్ మీదే నడుస్తోంది, తీస్తే ఆగిపోతోంది అంటే కార్బ్‌లో పైలట్ జెట్ (ఐడిల్‌లో పెట్రోల్ ఇచ్చే సన్నటి ఇత్తడి ముక్క) మూసుకుపోయిందని పదికి తొమ్మిదిసార్లు. ఎనిమిది నెలలు ఫ్లోట్ బౌల్లో (కార్బ్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నెలో) పెట్రోల్ అలాగే ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోల్, 2025 కల్లా దేశమంతా అదే అయిపోయింది. ఇథనాల్ గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది, పాత బళ్ల రబ్బరు పైపులకీ ఓ-రింగులకీ అది పెద్దగా పడదు, మీ బండి తయారైన రోజుల్లో దీన్ని ఎవరూ ఊహించలేదు. పెట్రోల్ ఆవిరయ్యాక మిగిలిన జిగురు అంతా వెళ్లి కూర్చునేది వెంట్రుక మందం ఉండే ఆ పైలట్ జెట్ రంధ్రంలోనే. ట్యాంక్ మూత తీసి వాసన చూడండి, పెట్రోల్ వాసన కాకుండా పాత వార్నిష్ డబ్బా వాసన వస్తే మొత్తం వంచేయండి, తోటలో మోటారు ఇంజన్‌కి కూడా పోయొద్దు.

కార్బ్ ఎలా తెరవాలో రాస్తా, ఎందుకంటే చాలామంది ఇక్కడే కొత్త సమస్య తెచ్చుకుంటారు. ముందు బయట మట్టి మొత్తం బ్రష్‌తో తీసేయండి, లేకపోతే ఆ మట్టి లోపలే పడుతుంది. ఫ్లోట్ బౌల్ స్క్రూలు చూడ్డానికి మామూలు ప్లస్ స్క్రూల్లాగే ఉంటాయి గానీ జపాన్ వాళ్ల ప్లస్ కొంచెం వేరు, మామూలు స్క్రూ డ్రైవర్ జారి తల చెడగొడుతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్‌లో జేఐఎస్ (ఆ జపాన్ ప్లస్) బిట్లు అడిగితే దొరుకుతాయి, లేదంటే ఇంపాక్ట్ డ్రైవర్‌తో ఒక్క దెబ్బ. బౌల్ తీయగానే అడుగున ఏముందో చూడండి, పచ్చగానో తెల్లగానో పొలుసులు ఉంటే నేను చెప్పింది కరెక్ట్. మధ్యలో పెద్దది మెయిన్ జెట్, పక్కన లోతుగా ఉండేది పైలట్. ఇత్తడి అది, మెత్తగా ఉంటుంది, సరిపోయే సైజు మైనస్ డ్రైవర్ లేకుండా తిప్పొద్దు. బయటికి తీసి ఆకాశం వైపు పెట్టి ఒక కన్ను మూసి చూడండి. బాగున్న జెట్‌లో గుండ్రంగా చిన్న వెలుగు చుక్క కనిపిస్తుంది. మీదాంట్లో ఏమీ కనిపించదు, లేదా అంచులు చిరిగినట్టు సగం చుక్క కనిపిస్తుంది. కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి పది నిమిషాలు నానబెట్టి, పాత వైరు ముక్కలోంచి ఒక్క రాగి పోగు తీసి దాంతో మెల్లగా పొడవండి. గుండుసూది పెట్టొద్దు, ఇత్తడి రంధ్రం పెద్దదైతే ఇక ఆ జెట్ పనికిరాదు. కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ స్ప్రే ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి సూటిగా కంట్లోకి వస్తుంది, ఎందుకు చెప్తున్నానో అర్థమైంది కదా.

ఇంజన్ వైపు కార్బ్ కింద ఒక ఫ్యూయల్ స్క్రూ ఉంటుంది. దాన్ని తీసే ముందు మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు పోయిందో లెక్కపెట్టి చేతి మీదైనా రాసుకోండి. తర్వాత తీస్తే దాంతో పాటు ఒక స్ప్రింగు, ఒక సన్నటి వాషరు, ఒక చిన్న ఓ-రింగు రావాలి. ఓ-రింగు చాలాసార్లు లోపలే అతుక్కుని ఉండిపోతుంది, స్ప్రే కొడితే ఎగిరి షెడ్డులో ఎక్కడో పడుతుంది, మళ్లీ దొరకదు, అందుకే కింద పాత దుప్పటి పరిచి కూర్చోండి. స్క్రూకి ఎక్కించేటప్పుడు ముందు స్ప్రింగు, తర్వాత వాషరు, చివర్లో ఓ-రింగు. బండి స్టార్ట్ అయి బాగా వేడెక్కాక ఈ స్క్రూ తిప్పి ఐడిల్ ఎక్కడ ఎక్కువగా వస్తుందో అక్కడ ఆపాలి. బయటికి తిప్పితే పెట్రోల్ ఎక్కువ, లోపలికి తిప్పితే తక్కువ, కార్బ్‌లో ఈ స్క్రూ ఎయిర్ బాక్స్ వైపు ఉండే రకాలకి దీనికి పూర్తిగా రివర్స్. మూడు చుట్లు బయటికి వచ్చినా ఐడిల్ ఇంకా పెరుగుతూనే ఉందంటే జెట్ ఇంకా సరిగ్గా క్లీన్ అవ్వలేదని అర్థం, మళ్లీ తెరవండి, బద్ధకం వద్దు.

మన బెంగళూరు చుట్టుపక్కల ఇంకో విషయం ఉంది. మనం సముద్రం కంటే 900 మీటర్ల పైన ఉన్నాం, నంది కొండ మీదకైతే 1,478. గాలి కొంచెం పల్చన. చెన్నైలో సెట్ చేసిన కార్బ్ బండి ఇక్కడికి తెస్తే కొంచెం రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువై) నడుస్తుంది, ప్లగ్ నల్లగా మసి పడుతుంది. చాలామంది అది చూసి ప్లగ్ మీద ప్లగ్ మారుస్తారు. మీ బండి ఎక్కడి నుంచి వచ్చిందో మీరు రాయలేదు, ఎస్టేట్ అంటే కొండ మీదే ఉంటుంది కాబట్టి ఇది మీకు వర్తించకపోవచ్చు.

కార్బ్ అయ్యాక కూడా రేస్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటప పేలుతుంటే, కార్బ్‌కీ సిలిండర్ హెడ్‌కీ మధ్య రబ్బరు బూట్ పగిలి గాలి పీలుస్తుందేమో చూడండి. ఐడిల్‌లో పెట్టి బూట్ చుట్టూ కొంచెం కార్బ్ క్లీనర్ కొట్టి ఇంజన్ శబ్దం మారుతుందేమో వినండి, మారితే అక్కడే లీకు. సైలెన్సర్ వేడిగా ఉంటుంది, దూరంగా, కొంచెంగా కొట్టండి, పక్కన ఇసుకో ఫైర్ ఎక్స్‌టింగ్విషరో ఉండాలి. ఇంకొకటి, పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, కాసేపాగితే మళ్లీ స్టార్ట్ అవుతుంటే ట్యాంక్ మూత మీద బ్రీదర్ పైపు ఊది చూడండి. తోటలో పెట్టిన బండికి కందిరీగలు మట్టి గూడు కట్టేస్తాయి అందులో. ఒకసారి సైలెన్సర్ చివర కూడా కట్టింది. ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు, సీటు తీసి వైర్లన్నీ ఒకసారి చేత్తో తడిమి చూస్కోండి.

ఇప్పుడు కంప్రెషన్. ఇది చేయకుండా ఎవడు బోర్ అన్నా నమ్మొద్దు. గేజ్ కొనాల్సిన పని లేదు, చింతామణిలోనో హొస్కోటలోనో కార్లు చూసే ఏ గ్యారేజీలోనైనా ఉంటుంది, ప్లగ్ థ్రెడ్‌కి సరిపోయే అడాప్టర్ ఉందో లేదో మాత్రం ముందే అడగండి. ఇంజన్ కొంచెం వేడిగా ఉండాలి, బ్యాటరీ ఫుల్ ఉండాలి, ప్లగ్ తీసి దాన్ని క్యాప్‌లోనే పెట్టి ఇంజన్‌కి ఆనించి ఉంచండి, లేకపోతే సీడీఐకి (స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రానిక్ డబ్బాకి) దెబ్బ. రేస్ పూర్తిగా తెరిచి పట్టుకుని సెల్ఫ్ కొడుతూ ముల్లు పెరగడం ఆగేదాకా చూడండి. రేస్ మూసి కొడితే ఏ ఇంజన్ అయినా చచ్చినట్టే చూపిస్తుంది, కొందరు మెకానిక్‌లు అలా కొట్టి చూపించి బేరం పెడతారు. వచ్చిన నంబర్ రాసుకోండి. తర్వాత ప్లగ్ రంధ్రంలోంచి ఒక టీ స్పూను ఇంజనాయిల్ పోసి మళ్లీ చూడండి. బాగా పెరిగితే లీకు రింగుల దగ్గర, దాదాపు అంతే ఉంటే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదు. నంబర్‌ని పక్కింటి కారుతో పోల్చొద్దు, చాలా సింగిల్ సిలిండర్ ఇంజన్లలో సెల్ఫ్ తేలిగ్గా తిరగడానికి కామ్ మీద ఆటో డీకంప్రెషన్ (ఒత్తిడి కొంచెం వదిలే ఏర్పాటు) ఉంటుంది, గేజ్ తక్కువే చూపిస్తుంది, మీ మోడల్ మాన్యువల్లో ఉన్న అంకెతోనే పోల్చాలి. ఇంకో చిక్కు, మీ సిలిండర్ ఇప్పటికే ఆయిల్లో తడిసి ఉంది కాబట్టి మొదటి అంకె అబద్ధంగా ఎక్కువ చూపించొచ్చు. అందుకే ముందు ఆయిల్ సరిచేసి, ఎయిర్ బాక్స్ తుడిచి, కార్బ్ చేసి, బండిని తోటలో అరగంట నడిపి, ఆ తర్వాతే గేజ్ పెట్టండి.

దాని ముందే టాపెట్లు, అంటే వాల్వులకీ వాటిని నొక్కే రాకర్లకీ మధ్య సందు, కూడా చూసేయండి. దీనిది స్క్రూ అడ్జస్ట్‌మెంట్, షిమ్ముల గోల లేదు. ఇంజన్ రాత్రంతా చల్లారి ఉండాలి, ఫ్లైవీల్ మీద టీ గీత గుర్తుకి తెచ్చి, అది కంప్రెషన్ స్ట్రోక్ అవునో కాదో రాకర్లు వదులుగా ఆడుతున్నాయా అని చూసి నిర్ధారించుకుని, ఫీలర్ గేజ్ పెట్టి మాన్యువల్ అంకెకి సెట్ చేయాలి. జనం టకటక శబ్దానికి భయపడతారు గానీ నిజంగా భయపడాల్సింది శబ్దం లేని టాపెట్‌కి. టైట్ అయిన వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, వేడి మీద స్టార్ట్ కాదు, మెల్లగా వాల్వు కాలిపోతుంది, అంతా నిశ్శబ్దంగా.

కరెంటు సంగతి మీకు పెద్దగా లేదు కాబట్టి త్వరగా చెప్పేస్తా. బ్యాటరీ ఏమీ ఆన్ చేయకుండా 12.6 వోల్టుల పైన ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కిందికి పడిపోతే బ్యాటరీ వెళ్లిపోయింది, ఇంజన్ రేస్‌లో ఉన్నప్పుడు 14 దరిదాపుల్లో చూపించకపోతే చార్జింగ్ లేదు. టిక్ మని ఆగిపోతే ముందు బ్యాటరీ టెర్మినల్స్, ఎర్త్ బోల్టు శుభ్రం చేయండి, రిలే తర్వాత. అన్నిటికంటే ముందు హ్యాండిల్ మీద కిల్ స్విచ్ చూడండి, నవ్వొద్దు, దీని కోసం నేను బెంగళూరు నుంచి రామనగర దాకా బండేసుకుని వెళ్లా ఒకసారి. అన్ని క్వాడ్‌లకీ ఒకే రూలు కూడా కాదు, యమహా వైఎఫ్‌జెడ్ 450లో పార్కింగ్ బ్రేక్ పడి ఉంటే రెవ్స్ ఎక్కవు, మిస్సింగ్ అనుకుని కార్బ్ విప్పేసిన వాళ్లున్నారు.

చైన్, వెనక యాక్సిల్. చైన్ కొట్టుకుంటోంది అంటే వెంటనే టైట్ చేయొద్దు, ముందు వెనక భాగం ఎత్తి స్టాండ్ మీద పెట్టి ఒక వెనక చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని పక్కలకి లోపలికి బయటికి లాగి చూడండి. యాక్సిల్ మొత్తం పక్కకి జరిగితే దాని పెద్ద డబుల్ నట్లు లూజ్ అయ్యాయి. స్పోర్ట్ క్వాడ్‌లకి ఇది పాత రోగం, వెనక డిఫరెన్షియల్ ఉండదు, ఒకే ఇనుప కడ్డీకి రెండు చక్రాలు, ప్రతి మలుపులో ఒక చక్రం ఈడ్చుకుంటూ రావాల్సిందే, ఆ జోరంతా ఆ నట్ల మీదే. విప్పి, థ్రెడ్లు శుభ్రం చేసి, రెడ్ లాక్‌టైట్ (నట్లు వదులు కాకుండా పట్టే జిగురు) వేసి మాన్యువల్ టార్క్‌కి బిగించాలి, అంత పెద్ద పానా లేకపోతే లారీల మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. పైకీ కిందికీ ఊగితే మాత్రం హబ్ బేరింగులు. వాటికి హోండా డబ్బానే కావాలని అమెరికా నుంచి తెప్పించుకోనక్కర్లేదు, బేరింగు అంచు మీద నంబర్ చెక్కి ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకుని జేసీ రోడ్‌లో బేరింగు షాపులో చూపిస్తే మంచి కంపెనీది అదే సైజు ఇస్తాడు, ఆయిల్ సీలు కూడా లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మూడు కొలతలు చెప్తే చాలు.

చైన్ సాగిందా లేదా తెలియాలంటే వెనక స్ప్రాకెట్ మీద దాన్ని వెనక్కి లాగి చూడండి, పళ్ళకి దూరంగా సగం పన్ను కనిపించేంత లేస్తే మార్చాల్సిందే, పళ్ళు కొక్కేల్లా వంగి ఉంటే స్ప్రాకెట్లూ మార్చాలి, కొత్త చైన్ పాత పళ్ళ మీద వేస్తే మూడు నెలల్లో అదీ పోతుంది. మీదానికి 520 సైజు చైన్, మన దగ్గర కేటీఎం 390కి వచ్చేది అదే సైజు కాబట్టి దొరుకుతుంది, లింకులు లెక్కపెట్టి ఎక్కువైనవి కోయించుకోవాలి. టెన్షన్ సర్దడానికి వెనక హబ్ పించ్ బోల్టులు వదులు చేసి హబ్ మొత్తాన్ని తిప్పాలి, అడ్డంగా గుండ్రంగా ఉండే హబ్ అది, లోపలి రంధ్రం మధ్యలో ఉండదు, అందుకే తిప్పితే యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది. చైన్ టైట్‌గా ఉండే చోటు వెతికి అక్కడ 30 నుంచి 40 మిల్లీమీటర్ల ఆట ఉండేలా చూడండి. గిటార్ తీగలా బిగిస్తే గేర్ బాక్స్ అవుట్‌పుట్ బేరింగు పోతుంది, అప్పుడు నిజంగా ఇంజన్ విప్పాలి.

ముందు చక్రాలు వణకడం దగ్గర నాకు ఒక అనుమానం. గాలి ఎక్కడ కొట్టించారు? బంకులోనా? బంకు కుర్రాడు నాలుగు చక్రాల బండి చూసి అలవాటుగా 30 కొట్టేస్తాడు. ఈ టైర్లకి 4, 5 పీఎస్ఐ చాలు, నమ్మండి, టైరు మీదే రాసి ఉంటుంది. 30 ఉంటే బండి బంతిలా ఎగురుతుంది, రాయి మీద పడగానే హ్యాండిల్ చేతిలోంచి లాక్కుంటుంది, మీరు బాల్ జాయింట్ పోయిందనుకుంటారు. సైకిలు పంపుతో కొట్టి, 15 లోపు స్కేలు ఉండే చిన్న గేజ్‌తో చూస్కోండి, మామూలు గేజ్‌లో 5 అనేది ముల్లు కదలని చోటు. గాలి సరిచేశాక కూడా వణికితే ముందు భాగం ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, ఆడితే బేరింగో బాల్ జాయింటో, కుడి ఎడమా పట్టుకుని ఊపితే ఆడితే టై రాడ్ ఎండ్. ఇంకో మనిషి పక్కన కూర్చుని జాయింట్ల మీద వేలు పెట్టి చూస్తే ఎక్కడ ఆడుతోందో వేలికే తెలుస్తుంది.

బ్రేకులు మెత్తగా ఉన్నాయని మీరు రాయలేదు గానీ ఎనిమిది నెలల తర్వాత ఫ్లూయిడ్ మార్చేయండి, మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే. పెయింట్ మీద పడితే తినేస్తుంది, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకోండి. వెనక డిస్క్ చేత్తో తిప్పి ఫ్రీగా తిరుగుతోందో లేదో చూడండి, పార్కింగ్ బ్రేక్ వైరు తుప్పు పట్టి పట్టేసి ఉంటుంది తరచూ.

మీరు చివర్లో అడిగారు, ఇది అమ్మేసి రెండు స్ట్రోకుల యమహా బాన్షీ క్వాడ్ దొరికితే తీసుకోనా అని. బెంగళూరులో ఆర్డీ 350 బైకు పిచ్చి ఉన్నవాళ్లకి బాన్షీ చూస్తే మతి పోతుంది, 1987లో వచ్చింది, ఇంజన్ ఆ ఆర్డీ వంశానిదే, ఆర్‌జెడ్ 350 వాటర్ కూల్డ్ నుంచి. సరదా బండే, కానీ ఎనిమిది నెలలకొకసారి తోటకి వెళ్లేవాళ్లకి కాదు. ఈ 400 మీకు సరిపోతుంది, దీన్ని బాగుచేస్కోండి. మళ్లీ నిలబెట్టేటప్పుడు మాత్రం ఫ్యూయల్ కాక్ మూసి, కార్బ్ బౌల్ కింద డ్రైన్ స్క్రూ వదిలి ఖాళీ చేసి వెళ్లండి, రెండు నిమిషాల పని, తోటలో పనిచేసే అతనికి నేర్పించినా చేస్తాడు.

టెస్ట్ డ్రైవ్ తోటలోనే చేయండి, హెల్మెట్, బూట్లు వేసుకుని. నంబర్ ప్లేట్ లేని బండి, చింతామణి రోడ్డెక్కించొద్దు, పైగా తారు మీద ఈ బండి తిరగమంటే తిరగదు.

ఆయిల్, ఫిల్టర్, కార్బ్ అయ్యి అరగంట నడిపాక కంప్రెషన్ రెండు అంకెలూ, ఆయిల్ పోయకముందు ఎంత, పోశాక ఎంత, ప్లగ్ రంగు ఎలా ఉందో కూడా కలిపి రాయండి. ఆ రెండు అంకెల మధ్య తేడా పెద్దగా ఉంటే అప్పుడు బోర్ గురించి, లేత్ ఎక్కడ మంచిదో, ఓవర్ సైజ్ పిస్టన్ ఎక్కడ దొరుకుతుందో మాట్లాడుకుందాం.